చార్జింగ్ ఆగిన పదిహేను నిమిషాలు

పదకొండూ పది అయింది. లాడ్జి మూడో అంతస్తు, 306వ నంబరు గది.

గదిలో రెండే కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఇన్‌స్పెక్టర్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయనకెదురుగా ఉన్న రెండోదాంట్లో గదులు శుభ్రం చేసే ఆమె, సగం లేచినట్టూ సగం కూర్చున్నట్టూ ఉంది. మంచం అంచున కౌన్సెలర్. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ఫోన్ ఉంది గానీ, అందులో తేలు ఉన్నట్టు దూరంగా పట్టుకుంది.

గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూడగానే లేచి నిలబడింది.

"పిన్నీ, వచ్చావా!"

"వచ్చాను. కూర్చో. ముందు నీళ్ళు తాగు."

వచ్చినావిడని ఊరంతా లెక్కల మేడం అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఆ తర్వాత డిటెక్టివ్ పని మొదలుపెట్టిన మనిషి. గంట కొట్టే వేళకి లేచే అలవాటు, తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో వెతికే అలవాటు ఆవిడని వదల్లేదు. కౌన్సెలర్ ఆవిడ అక్క కూతురు.

ఇన్‌స్పెక్టర్ లేవలేదు. "రండి మేడం. హాజరు తీసుకుంటారా? అందరం ఉన్నాం."

"ఒకరు తక్కువున్నారు" అందావిడ. "ఫోన్ తెరిచినవాడు."

"వాడు కాదు, ఆవిడ. ఇదిగో, మీ ఎదురుగానే ఉంది."

లెక్కల మేడం ఆ మాట పట్టించుకోకుండా మేనకోడలి చేతిలోంచి ఫోన్ తీసుకుని పదీ ఐదుకి వచ్చిన మెసేజ్ చదివింది. తెలియని నంబరు. రెండే వాక్యాలు.

"తల్లినీ పిల్లనీ ఎక్కడ దాచావో తెలిసిపోయింది. మధ్యాహ్నం లోపు వస్తున్నా."

కౌన్సెలర్ పనిచేసేది ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి నీడనిచ్చే షెల్టర్‌లో. మొగుడు గొంతు నులిమితే ప్రాణాలతో బయటపడిన ఒక తల్లి, ఆమె ఆరేళ్ళ కూతురు పది రోజులుగా ఈ ఊళ్ళోనే ఒక రిటైర్డ్ నర్సు ఇంట్లో ఉంటున్నారు. రేపు ఉదయం ఈ లాడ్జికి ఎదురుగా ఉన్న కోర్టులో ఆ తల్లి సాక్ష్యం చెప్పాలి. ఆమెను వెంటపెట్టుకుని కోర్టుకి తీసుకెళ్ళడానికే కౌన్సెలర్ రాత్రి బస్సులో వచ్చింది. ఆ ఇంటి చిరునామా కౌన్సెలర్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. రాసి ఉన్నది ఒక్కచోటే, ఆ ఫోన్‌లో.

"నర్సుగారింటికి ఫోన్ చేశావా?"

"లాడ్జి ఫోన్ నుంచి చేశాను పిన్నీ. నంబరు నాకు నోటికొచ్చు. అక్కడ అంతా మామూలుగానే ఉందట. తలుపులేసుకుని కూర్చోమన్నాను. ఆవిడేమో సామాన్లు సర్దేస్తోంది."

"సర్దద్దు అనలేదా?"

"ఏమని చెప్పను? వాడు మధ్యాహ్నం లోపు వస్తానన్నాడు కదా!"

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుని మళ్ళీ తన పనిలో పడ్డాడు. "తలుపు తెరిచే కార్డు లెక్క నా దగ్గరుంది. తొమ్మిదీ పదికి ఈ గదిలోకొచ్చావు. తొమ్మిదీ ముప్పై ఐదుకి బయటికెళ్ళావు. ఆ టైములో ఈ అమ్మాయి కింద కాగితాలు ప్రింట్ తీయించుకుంటోంది. ఫోన్ బల్ల మీదే ఉంది. ఎవరు పంపారు నిన్ను?"

"సూపర్వైజర్ పంపాడు సార్. మూడో ఫ్లోరు నాదే."

"వేళాకోళమా?"

"అయ్యో, నిజం సార్. రోజూ నాదే."

"ఇంత గదికి ఇరవై ఐదు నిమిషాలా?"

"బాత్రూం చూశారా మీరు? ఒక్కసారి చూసొచ్చి మాట్లాడండి."

కౌన్సెలర్ అంత భయంలోనూ నవ్వు దాచుకోడానికి తల దించుకుంది. లెక్కల మేడం గోడకి ఆనుకుని మెల్లగా అడిగింది. "ఫోన్ ముట్టుకున్నావా అమ్మా?"

"ముట్టుకున్నానమ్మా. బల్ల తుడవాలి కదా. ఎత్తి దిండు మీద పెట్టి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాను. పగిలితే నా ఉద్యోగం పోతుందని రెండు చేతులతో పట్టుకున్నా."

"ఒప్పుకుంది!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తుడిచానని ఒప్పుకుంది" అంది లెక్కల మేడం. "తెరిచానని ఒప్పుకోలేదు. ఒక్క నిమిషం ఆగండి."

ఆవిడ ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్ళింది. ఏ వేళకి తెర వెలిగిందో, ఏ యాప్ ఎంతసేపు నడిచిందో, బ్యాటరీ ఎప్పుడు పెరిగిందో ఎప్పుడు తగ్గిందో అన్నీ అందులోనే ఉంటాయి. చాలామంది చూడరు. పిల్లల రిపోర్టు కార్డు వెనక పేజీని చూడని తల్లిదండ్రుల్లాగా.

"ఇటు చూడండి. ఎనిమిదీ యాభై రెండు నుంచి పదీ ఐదు దాకా తెర ఒక్కసారి కూడా వెలగలేదు. ఈవిడ గదిలో ఉన్న ఇరవై ఐదు నిమిషాలూ ఈ ఫోన్ నిద్రపోతోంది. ఈవిడని పంపించేయండి. ఇంకా గదులున్నాయి పాపం."

"ఐదున్నాయమ్మా" అంటూ ఆమె కుర్చీలోంచి లేచేసింది. ఇన్‌స్పెక్టర్ తెర వంక చూశాడు, చేతి గడియారం వంక చూశాడు, చివరికి తల ఊపాడు. గుమ్మం దాటాక ఆమె విడిచిన నిట్టూర్పు లోపలికి వినపడింది.

"సరే, మీ లెక్క ప్రకారం ఎవరూ తెరవలేదా? మెసేజ్ గాల్లోంచి వచ్చిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా.

"తెరిచారు. అంతకుముందు." ఆవిడ మేనకోడలి వైపు తిరిగింది. "పొద్దున లేచిన దగ్గర్నుంచీ చెప్పు. ఏదీ వదలద్దు."

"ఏడున్నరకి లేచాను. ఎనిమిదింటికి టిఫిన్ హాలుకి దిగాను. చార్జింగ్ ముప్పై ఒకటి ఉంది. అక్కడ గోడ దగ్గర చార్జింగ్ బల్ల ఉంటే పెట్టేసి, వెళ్ళి తిన్నాను. కోర్టు కాగితాలు ముందేసుకుని చదువుతూ తిన్నాను కాబట్టి ఆలస్యమైంది. ఎనిమిదీ యాభైకి తీసుకున్నాను. వెధవ చార్జర్, అంతసేపు పెట్టినా సగమే ఎక్కింది."

లెక్కల మేడం వేలు తెర మీద ఆగిపోయింది.

"చార్జర్‌ని తిట్టకు" అంది. "ఇది చూడు."

బ్యాటరీ పట్టికలో నిలువు గీతలు వరసగా పైకి లేస్తున్నాయి. మధ్యలో ఒకచోట పళ్ళూడిన దువ్వెనలా ఖాళీ. ఎనిమిదీ పద్నాలుగుకి చార్జింగ్ ఆగింది. ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి మళ్ళీ మొదలైంది. ఆ ఖాళీలోనే, పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా, తెర నాలుగు నిమిషాలు వెలిగింది.

"పదిహేను నిమిషాలు నీ ఫోన్ ఆ బల్ల మీద లేదు. ఎవడో తీసుకెళ్ళి, చూసుకుని, తెచ్చి పెట్టాడు."

కౌన్సెలర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చిరునామా..."

"అదే చూస్తున్నా. నువ్వు రాసుకున్న నోట్స్ యాప్ ఇవాళ సున్నా నిమిషాలు. వాడు దాని జోలికే పోలేదు. నాలుగు నిమిషాలూ మ్యాప్‌లోనే ఉన్నాడు."

"మ్యాప్‌లో నేను వెళ్ళిన దారులు ఉండవు పిన్నీ. ఆ గుర్తుపెట్టుకునేది ముందే ఆపించావు కదా నువ్వు."

"అయితే వాడికి అక్కడా ఏమీ దొరకలేదు."

కౌన్సెలర్ మొహంలోకి కొంచెం ప్రాణం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వాడు. "బాగుంది. ఏమీ దొరకనివాడు 'తెలిసిపోయింది' అని రాశాడు. మీ లెక్కలో ఎక్కడో తప్పు పోయింది మేడం. అక్క కూతురు కదా, కాస్త మార్కులు ఎక్కువేస్తున్నారు."

ఆవిడ ఆ ప్రశ్నని పక్కన పెట్టి ఇంకోటి వేసింది. "ఫోన్ తెరవాలంటే పిన్ కావాలి. నీ పిన్ ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"ఎవరికీనా?"

"అంటే... మా ఆఫీసులో అందరికీ తెలుసు."

"అందరికీ!"

"ఆరు డ్యూటీ ఫోన్లున్నాయి పిన్నీ. ఏ అర్ధరాత్రి ఏ ఆడమనిషి ఫోన్ చేస్తుందో తెలీదు. ఎవరు దగ్గరుంటే వాళ్ళే తీసి, పాత మెసేజులు చూసి మాట్లాడాలి. అందుకని అన్నిటికీ ఒకటే పిన్ పెట్టుకున్నాం. మొదట్నించీ అదే."

"ఏమిటది?"

కౌన్సెలర్ గొంతు తగ్గించింది. "మా గేటు నంబరు."

"గేటు మీద పెయింటుతో రాసి ఉంటుందే, అదా?" ఇన్‌స్పెక్టర్ తలపట్టుకున్నాడు. "బోర్డు కూడా కట్టాల్సింది, రండి, తెరుచుకోండి అని!"

"మంచికి పెట్టుకున్నదే" అంది లెక్కల మేడం. "ఆఫీసు గోడల మధ్య సరిపోతుంది. బస్సెక్కేటప్పుడు మార్చుకోవాల్సింది. ఆ సంగతి తర్వాత. ముందు ఆఫీసుకి ఫోన్ చేసి మిగతా ఐదింటి పిన్‌లు ఇప్పుడే, వేరువేరుగా మార్చమను. ఈ ఫోన్‌తో కాదు. నాది తీసుకో."

పదకొండూ ఇరవై రెండు. ముగ్గురూ టిఫిన్ హాల్లో ఉన్నారు.

చార్జింగ్ బల్ల నీళ్ళ మిషను పక్కన, లావుపాటి స్తంభం వెనక ఉంది. కౌన్సెలర్ పొద్దున కూర్చున్న చోట లెక్కల మేడం కూర్చుని చూసింది. స్తంభం తప్ప ఏమీ కనపడలేదు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణించి పెరటి తలుపుకి నాలుగడుగులు. తలుపు తీస్తే కార్లు ఆపే చోటు.

హాలు చూసే పెద్దమనిషి తడబడుతూ రిజిస్టర్ తెచ్చాడు. లోపలికి వచ్చేవాళ్ళు గది నంబరు చెప్తే ఆయన టిక్కు పెడతాడు. లెక్కల మేడం వేలు పెట్టి పైనుంచి కిందకి దిగింది, జవాబు పత్రం దిద్దినట్టు.

"214కి రెండు టిక్కులున్నాయేం?"

"అది... చెయ్యి జారిందండి."

"పెన్ను మారింది. మొదటిది నీలం, రెండోది నలుపు. చెయ్యి జారితే పెన్ను మారుతుందా?"

ఆయన చుట్టూ చూసి గొంతు దించాడు. "214లో ఒక్కరే దిగారు మేడం. ఏడున్నరకే తినేసి వెళ్ళారు. మళ్ళీ ఎనిమిదీ పదికి ఇంకొకాయన వచ్చి 214 అన్నాడు. అడిగితే గొడవెందుకని టిక్కు పెట్టేశా. మేనేజర్‌కి తెలిస్తే నన్ను ఊరుకోడండి."

"ఎలా ఉంటాడు?"

"నలభై ఉంటాయి. టోపీ. ఏమీ తినలేదు, గ్లాసుడు నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. వెనక తలుపులోంచి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. కారు తాళాలు వేలికి తగిలించుకుని ఊరికే తిప్పుతూనే ఉన్నాడండి, గిరగిరా. చూసేవాళ్ళకి కళ్ళు తిరగాలి."

కౌన్సెలర్ కుర్చీ వీపు పట్టుకుంది. "మా పాత డ్రైవర్! ఎనిమిది నెలల కింద తీసేశాం పిన్నీ. షెల్టర్‌లో ఒకావిడని చాటుగా ఫొటో తీస్తుంటే పట్టుకున్నాం. కోర్టు పని పడ్డప్పుడల్లా ఈ లాడ్జికి నన్ను తీసుకొచ్చింది వాడే. ఎప్పుడూ ఇక్కడే దిగుతామని వాడికి తెలుసు."

"కేసు తేదీ కూడా కోర్టు గోడ మీద అంటించే ఉంటుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇప్పుడాయన గొంతులో వెటకారం లేదు. "మొగుడు వాణ్ణి పట్టాడన్నమాట. సరే, మనిషి తెలిశాడు. ఇక ఆలస్యం చేయను. అమ్మాయ్, చిరునామా చెప్పు."

"చెప్పను సార్. పోయినసారి చెప్పిన చిరునామా మీ స్టేషన్ నుంచే బయటికి పోయింది."

ఇన్‌స్పెక్టర్ చెంప మీద కొట్టినట్టు ఆగాడు. "అప్పుడు నేను లేను."

"మీరు లేరు. ఆ ఇంట్లో మేం దాచిన ఆవిడ ఉంది. రెండు పక్కటెముకలు విరిగాయి."

"అయితే చెప్పొద్దు. చూపించు. జీపులో నా పక్కన కూర్చుని దారి చూపించు. వాళ్ళిద్దరినీ ఎక్కించుకుని వేరే చోట దింపుదాం. ముప్పావుగంట కూడా లేదు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కౌన్సెలర్ అప్పటికే సంచి భుజానికి తగిలించుకుంది.

పదకొండూ ముప్పై నాలుగు. లాడ్జి వెనక పెరట్లో జీపు ఇంజను ఆన్‌లో ఉంది. కౌన్సెలర్ ఎక్కబోతూ టైము చూసుకోడానికి ఫోన్ తీసింది. చూసి, కనుబొమలు ముడిచింది.

"ఇదేంటి, లొకేషన్ గుర్తు వెలుగుతోంది! నేనెప్పుడూ ఆపేసే ఉంచుతానే."

లెక్కల మేడం రెండంగల్లో వచ్చి జీపు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఎక్కద్దు."

"మేడం, తప్పుకోండి!" ఇన్‌స్పెక్టర్ అరిచాడు. "ఆ పిల్లకి ఏమన్నా అయితే మీరు బాధ్యత తీసుకుంటారా?"

"ఈ జీపు కదిలితేనే అవుతుంది. ఇంజను ఆపండి."

"మీ పాఠాలు తర్వాత..."

"ఆపండి సార్!"

ఇరవై రెండేళ్ళు వెనక బెంచీల దాకా వినపడిన గొంతు అది. డ్రైవింగ్ సీట్లో కానిస్టేబుల్ ఎవరి మాటా చూసుకోకుండా తాళం తిప్పేశాడు.

ఆవిడ మ్యాప్ తెరిచింది. లొకేషన్ ఎవరితో పంచుకుంటున్నామో చూపించే పేజీకి వెళ్ళి, ఫోన్ ఇన్‌స్పెక్టర్ కళ్ళ ముందు పెట్టింది. అందులో ఒకటే పేరు. డ్రైవర్‌ది. మొదలైన సమయం ఎనిమిదీ ఇరవై ఒకటి.

"మీరు అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. ఏమీ దొరకనివాడు తెలిసిపోయిందని ఎందుకు రాశాడు? తెలీదు కాబట్టే రాశాడు. పాత దారులు వెతికాడు, లేవు. నోట్స్‌కి వేరే తాళం ఉంటుందని వాడికి తెలుసు. అందుకని ఈ ఫోన్ ఎక్కడికి పోతే అక్కడికి వాడికి తెలిసేలా చేసి పెట్టేశాడు. తర్వాత రెండు వాక్యాలు పంపాడు. మనం భయపడాలి. పరుగెత్తాలి. ఆ ఇంటికి మనమే దారి చూపించాలి."

కౌన్సెలర్ మెట్టు మీదే కూలబడింది. "నేనే తీసుకెళ్ళేదాన్ని పిన్నీ. సంచిలో పెట్టుకుని, నేనే."

"తీసుకెళ్ళలేదు కదా. రాత్రి వచ్చినదానివి ఇప్పటిదాకా ఆ ఇంటి గడప తొక్కలేదు. వాడికి కనపడేది ఈ లాడ్జి ఒక్కటే. పొద్దుట్నించీ చుక్క ఇక్కడే ఉంది." ఆవిడ మేనకోడలి తల మీద చెయ్యి వేసింది. "ఊపిరి పీల్చుకో. వాడి దగ్గర చిరునామా లేదు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఫోన్ అందుకున్నాడు.

"ముందు ఈ దరిద్రాన్ని ఆపేద్దాం."

"ఆపితే వాడు జాగ్రత్తపడతాడు."

ఆయన వేలు గాల్లోనే ఆగింది. మెల్లగా, ఆ ఉదయమంతటికీ మొదటిసారిగా, ఆయన ముఖం విచ్చుకుంది. "మా క్వార్టర్స్ వెనక ఒక సందుంది మేడం. పన్నెండు ఇళ్ళు. చివర గోడ. లోపలికి ఒకటే దారి, బయటికీ అదే. దాక్కోడానికి బ్రహ్మాండంగా కనపడుతుంది."

"నాకు తట్టలేదు" అంది లెక్కల మేడం నిజాయితీగా. "జీపు వద్దు. ఆటోలో పంపండి."

పదకొండూ నలభై ఒకటికి మామూలు బట్టల్లో, తలనిండా కొంగు కప్పుకుని ఉన్న ఒక లేడీ కానిస్టేబుల్ కౌన్సెలర్ సంచి భుజానికి తగిలించుకుని, ఆమె ఫోన్ అందులో వేసుకుని ఆటో ఎక్కింది. లాడ్జి ముందు కోర్టు గోడ నీడలో ఆగి ఉన్న తెల్లకారు ఒకటి, ఆటో మలుపు తిరిగాక నిదానంగా కదిలింది. కిటికీ తెర సందులోంచి లెక్కల మేడం ఆ టైము కూడా రాసుకుంది. నలభై మూడు. మరో నిమిషానికి ఇన్‌స్పెక్టర్ జీపు ఇంకో వీధిలోంచి బయల్దేరింది.

తర్వాత ఎదురుచూడటం తప్ప పనిలేకపోయింది. కౌన్సెలర్ గదిలో నాలుగు అడుగులు అటు, నాలుగు అడుగులు ఇటు వేసింది. "పిన్నీ, వాడు పసిగడితే?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ లెక్కల మేడం "కూర్చో" అనే అంది. కానీ ఆవిడ కూడా కూర్చోలేదు.

పన్నెండూ ఏడుకి ఆవిడ ఫోన్ మోగింది.

"వచ్చాడు మేడం." ఇన్‌స్పెక్టర్ ఆయాసపడుతున్నాడు. "సందులోకి సగం దూరం వచ్చి ఆగాడు. వెనక మా జీపు అడ్డం పెట్టాం. వాడి ఫోన్‌లో మ్యాప్ తెరిచే ఉంది, మన చుక్క మీద కళ్ళు పెట్టుకుని ఉన్నాడు. అద్దం కొట్టేదాకా తల ఎత్తలేదు."

"డ్రైవర్ ఒక్కడేనా?"

"కాదు. వెనక సీట్లో, కింద, దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. మొగుడు. ఈ ఊరి పొలిమేర దాటి లోపలికి రాకూడదన్నది వాడి బెయిలు షరతు. పక్కన కత్తి ఉంది మేడం. పాప బట్టలున్న ఒక బ్యాగు కూడా ఉంది. తల్లివి లేవు. పాపవే."

లెక్కల మేడం గోడకి చెయ్యి ఆనించింది. తల్లిని ఏం చేయదలుచుకున్నాడో అడగాల్సిన పని లేకపోయింది.

"బెయిలు ఈ సాయంత్రానికే రద్దు చేయిస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రేపు కోర్టుకి ఆవిడ నిశ్చింతగా రావచ్చు. ఇంకో మాట మేడం. మూడో అంతస్తులో ఆమె కనపడితే, కాస్త గట్టిగా మాట్లాడానని, ఏమనుకోవద్దని చెప్పండి."

"మీరే వచ్చి చెప్పండి సార్. ఆవిడకి అది గుర్తుండిపోతుంది."

ఫోన్ పెట్టేసి ఆవిడ "ఇద్దరూ దొరికారు" అంది. కౌన్సెలర్ పిన్ని భుజం మీద మొహం పెట్టుకుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, లాడ్జి ఫోన్ దగ్గరికి వెళ్ళి, కంఠతా వచ్చిన నంబరు తిప్పింది.

అవతల రిసీవర్ ఎత్తింది నర్సు కాదు, తల్లే. "అక్కా, సామాన్లన్నీ సర్దేశాం. బయల్దేరమంటారా?"

"వద్దు. వాళ్ళిద్దరూ దొరికారు. స్టేషన్లో ఉన్నారు. నీ చిరునామా ఎవరికీ తెలీదు. నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు."

అవతల సంచి కింద పెట్టిన చప్పుడైంది.

"పాప స్కూలు బ్యాగు తగిలించుకుంటానంటే నిన్ననే గోడకి మేకు కొట్టాను అక్కా" అంది తల్లి. "ఇందాకే పీకబోయాను. అది రాలేదు."

"రాకపోతే మంచిదే" అంది కౌన్సెలర్. "ఉండనీ."